గాంగుల ఫణం చదివే పద్ధతి

పాత నాణెం చేతికి రాగానే ఇది ఏ రాజుదని అడగడం మనకు అలవాటు. నాణేల పుస్తకాలనూ ఆ ఒక్క జవాబు కోసమే తిరగేస్తాం. నిజానికి అవి బాగా పనికొచ్చేది ఈ నాణెం ఎవరిది కాదో ఒక్కొక్కరినీ తప్పిస్తూ తేల్చుకోవడానికి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి ఇందుకు దగ్గరి ఉదాహరణ తూర్పు గాంగుల బంగారు ఫణం. చిటికెన వేలి గోరంత ఉంటుంది, తూకం అర గ్రాముకు అటూ ఇటూ. ఒకవైపు పడుకున్న నంది, పైన నెలవంక. రెండోవైపు సంవత్సరానికి గుర్తుగా 'స' అక్షరం, దాని కింద అంకెలు, పక్కన అంకుశం. రాజు పేరు ఎక్కడా ఉండదు. 1078లో పట్టమెక్కి, కళింగనగరం నుంచి, అంటే నేటి ముఖలింగం నుంచి ఏలిన అనంతవర్మ చోడగంగదేవుడు మొదలుకొని ఆ వంశంలో పలువురు ఇదే మాదిరి ఫణాలు వేయించారని పండితుల అభిప్రాయం. కాబట్టి వాల్టర్ ఇలియట్ 1886లో అచ్చువేసిన దక్షిణ భారత నాణేల గ్రంథంలోనో, మైకేల్ మిచినర్ 1998 నాటి గ్రంథంలోనో బొమ్మ కలిసిందని సంబరపడితే వంశం తెలుస్తుంది, అక్కడితో దారి ఆగిపోతుంది.

అక్కడినుంచి ఆధారం అంకెలే, అవి రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెబుతాయి. చోడగంగదేవుడు దాదాపు 70 ఏళ్లు ఏలాడు, ఆ వంశంలో అంతకాలం ఏలినవారు మరొకరు లేరు. అంకె 60 దాటితే మిగతా రాజులందరినీ ఒక్కసారే పక్కన పెట్టవచ్చు. చిన్న అంకెతోనే చిక్కు, మూడో ఏడు ప్రతి రాజుకూ ఉంటుంది కదా. పైగా గాంగుల కాలంలోనే మొదలై ఒడిశాలో నేటికీ నిలిచిన అంక లెక్క ఒకటుంది. అందులో 1ని, 6తో ముగిసేవాటిని, 10 తప్ప సున్నాతో ముగిసేవాటిని వదిలేస్తారు. ఆ లెక్కన 15 అంటే ఏలుబడిలో 13వ ఏడు. ఫణం మీద 16 అని చదివామంటే ఆ అంకెను మళ్లీ భూతద్దం కింద పెట్టాలి: మనం తప్పు చదివి ఉండాలి, లేదా ఆ ఫణం వేసినప్పుడు ఈ లెక్క పాటించి ఉండరు. ఇలాంటప్పుడు నాణేల పుస్తకం ఒక్కటే చాలదు. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలున్న 'దక్షిణ భారత శాసనాలు' అయిదో సంపుటం పక్కన ఉండాలి. వాటిలో చాలా శాసనాలు శకవర్షాన్నీ రాజు ఏలుబడి ఏడునూ కలిపి చెబుతాయి. రాజుల వరసకు అంతకన్నా గట్టి సాక్ష్యం మనకు లేదు.

ఫోన్‌లో ఫొటో తీస్తే క్షణంలో పోలిక దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. ఫొటో పోలికనే చూపుతుంది, తూకం వేయదు. బంగారు పూత పూసిన ఇత్తడి ఫణం కూడా ఫొటోలో నిగనిగలాడుతుంది. పాత పుస్తకాల్లో తప్పులున్నాయన్న మాటలో నిజముంది, అందుకే ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండు సోహో టంకశాలలో ముద్రించిన 1794, 1797 నాటి రాగి నాణేల మీద ఈస్టిండియా కంపెనీ పేరు, రూపాయికి 48 అన్న విలువ, ఏడు అన్నీ ఉన్నా ముద్రల్లో తేడాలు తెలియాలంటే ప్రిడ్‌మోర్ 1975 నాటి క్యాటలాగు తెరవాల్సిందే. ఏ పుస్తకమూ తనంతట తాను పూరించలేని వెలితి ఒకటుంది: నాణెం ఏ ఊళ్లో, దేనితో కలిసి దొరికిందన్నది. భూమిలో దొరికిన నిధిని, విలువ పది రూపాయలు దాటితే, కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అలా తెలిపినప్పుడు ఊరి పేరు, తూకం, రెండు వైపుల ఫొటోలు కలిపి నమోదు చేయిస్తే చిన్న అంకె ఉన్న ఫణాలకు కూడా రాజును వెతికే వీలు దొరుకుతుంది.