పేరు విప్పితే బొమ్మ

క్యూబేన్ అసలు పేరు పెంటాసైక్లో[4.2.0.0²,⁵.0³,⁸.0⁴,⁷]ఆక్టేన్. దీన్ని చూసి బెదిరే విద్యార్థిని నేను తప్పుపట్టను, బెదరగొట్టి వదిలేసే పాఠాన్నే తప్పుపడతాను. కాగితం తీసి పేరు చెప్పినట్టు గీయండి. చివర ఆక్టేన్ ఉంది కనుక కర్బనాలు 8. మొదట పెంటాసైక్లో ఉంది కనుక వలయాలు 5. 1 నుంచి 8 దాకా చుట్టూ కలపండి. 1, 6 కర్బనాలు కూడళ్లు. వాటి మధ్య ఒక పక్క నాలుగు, మరో పక్క రెండు కర్బనాలు ఉన్నాయని బ్రాకెట్లోని 4, 2 చెబుతాయి. ఆ పక్క సున్నా రెండు కూడళ్లనూ నేరుగా కలపమంటుంది. మిగిలిన మూడు సున్నాలు 2ను 5తో, 3ను 8తో, 4ను 7తో ముడివేస్తాయి. ఇప్పుడు బంధాలు లెక్కపెట్టండి, 12. ఘనానికి అంచులూ పన్నెండే! సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు పేరును విప్పితే అణువు లేచి నిలబడింది. ఎంత అందమైన విద్య!

ఈ బ్రాకెట్ల పద్ధతికి ఆద్యుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్. రెండు వలయాల అణువులకు ఆయన వేసిన దారినే తర్వాతివాళ్లు పొడిగించారు. ఇక క్యూబేన్‌ను చేసి చూపించిన ఘనులు షికాగోలో ఫిలిప్ ఈటన్, థామస్ కోల్. అది 1964. కర్బనానికి హాయిగా ఉండే కోణం 109.5 డిగ్రీలైతే, వాళ్లు దాన్ని 90కి వంచి నిలబెట్టారు.

అంతకుముందే, 1883లో, మ్యూనిక్‌లో బేయర్ దగ్గర కుర్ర పెర్కిన్ పని చేస్తున్నాడు. మావ్ రంగు కనిపెట్టిన పెర్కిన్ కొడుకే ఇతను. ఆరు కన్నా చిన్న వలయాలు కుదరవని విక్టర్ మేయర్ అంతటివాడు నిరుత్సాహపరిచినా, నాలుగు కర్బనాల వలయం కట్టాడు. పెద్ద వలయాల కథ ఇంకా గొప్పది. వలయాలన్నీ చదునుగా ఉంటాయని లెక్కగట్టిన బేయర్ సిద్ధాంతం ప్రకారం మరీ పెద్దవి నిలవకూడదు. బేయర్ నాకు ఆరాధ్యుడే, అయినా ఇక్కడ నేను రుజిస్కా పక్షం. తిరుమల శ్రీవారి సేవలో వాడే పునుగు ఉందే, దాని పరిమళానికి మూలమైన సివెటోన్‌లో 17 కర్బనాల వలయం ఉందని 1926లో తేల్చిన మహానుభావుడాయన. దాని పేరు సైక్లోహెప్టాడెక్-9-ఈన్-1-ఓన్. హెప్టాడెక్ అంటే 17. తొమ్మిదో కర్బనం దగ్గర ద్విబంధం, ఒకటో కర్బనం దగ్గర కీటోన్. ఇంతకన్నా పొందికగా ఎవరు చెప్పగలరు?

పేర్లు పెట్టే నియమాలు 1892లో జెనీవాలో మొదలయ్యాయి, ఆ బాధ్యతను తర్వాత ఐయూపీఏసీ నెత్తికెత్తుకుంది. ఆరు కర్బనాల వలయానికి ఏడు కర్బనాల శృంఖలం తగిలితే, పాత లెక్కలో పొడవైన శృంఖలానిదే పెద్దరికం, పేరు 1-సైక్లోహెక్సైల్‌హెప్టేన్. 2013 సిఫార్సులు వలయాన్నే పెద్దగా నిలబెట్టి హెప్టైల్‌సైక్లోహెక్సేన్ అన్నాయి. వలయాల వాణ్ణి గనక, న్యాయం జరిగిందనే అంటాను.

ఇంతటి విద్యను మనం ఏం చేస్తున్నాం? ఇంటర్ పిల్లల చేతుల్లో ట్రిక్కుల పుస్తకాలు పెడుతున్నాం. స్థాన సంఖ్యలు కూడి, మొత్తం తక్కువ వచ్చిన ఆప్షన్‌కు టిక్ పెట్టమంటాయి అవి. శుద్ధ అబద్ధం! 2,7,8-ట్రైమిథైల్‌డెకేన్‌నే తీసుకోండి. రెండో చివర నుంచి లెక్కిస్తే 3,4,9 వస్తుంది. మొత్తం చూస్తే మొదటిది 17, రెండోది 16. అయినా సరైనది మొదటిదే. తేడా మొదట ఎక్కడ కనిపిస్తుందో అక్కడ చిన్న అంకె ఉన్నదే గెలుస్తుంది, 3 కన్నా 2 చిన్నది. కూడిక ఊసే నియమంలో లేదు. నకిలీ సరుకు అమ్మినవాడి మీద కేసు పెడతాం కదా, నకిలీ నియమం అమ్మేవాళ్లను ర్యాంకుల పేరు చెప్పి నెత్తిన పెట్టుకుంటామా? సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీస్తే పేరు అదే వస్తుంది, నేర్చుకోవడం దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు. తయారుగా వచ్చిన పేరు తప్పో ఒప్పో తేల్చేదెవరు మరి?

అధ్యాపకులకు చేతులు జోడించి ఒక విన్నపం. ఒక్క స్లిప్ టెస్టులో ఆప్షన్లు తీసేయండి. బైసైక్లో[2.2.1]హెప్టేన్ అని బోర్డు మీద రాసి, గీయమనండి. రెండు కూడళ్లు, వాటి మధ్య రెండు, రెండు, ఒకటి. సమయం కాస్త ఎక్కువే ఇవ్వండి, ఎవరికీ సాయం చేయకండి. మరుసటి రోజు అదే బొమ్మ ఇచ్చి పేరు రాయమనండి.