అలా పెరిగారు పాపం!

'కన్యాశుల్కం' నాటకం ప్రసక్తి వచ్చినప్పుడల్లా అగ్నిహోత్రావధానుల్ని వెనకేసుకొచ్చేవాళ్ళు ఒకరైనా ఉంటారు. "ఆ రోజుల్లో అదే ఆచారం. అలా పెరిగారు పాపం, ఆయన తప్పేముంది?" అంటారు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుందీ మాట. వాళ్ళ కాలాన్ని మన తూనికరాళ్ళతో తూచకూడదనడంలో పెద్దరికం కూడా ఉంది. నాకు మాత్రం ఈ మాటతో పేచీ ఉంది.

అవధానులుగారు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ముసలివాడికిచ్చి చేశారు. ఆ పిల్ల వితంతువై పుట్టింట కూర్చుంది. అది కళ్ళెదుట కనబడుతూనే ఉన్నా, రెండోపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లనే మరో ముసలివాడికి కట్టబెట్టడానికి సిద్ధమయ్యారు. తాంబూలాలిచ్చేశాక ఇంకెవరేమన్నా లాభం లేదన్నది ఆయన ధోరణి. ఆ మాట ఆ తర్వాత తెలుగువాళ్ళకు సామెతే అయి కూర్చుంది!

సరే, ఆయన అలా పెరిగారు. మరి ఆయన భార్య వెంకమ్మ ఎలా పెరిగిందండీ? ఆవిడదీ ఆ అగ్రహారపు పెంపకమే. అవే నోములు, అదే మడి, అదే వంటిల్లు. ఇంగ్లీషు చదువు లేదు, సంఘసంస్కరణ సభలకు వెళ్ళిన పాపాన పోలేదు. అయినా ఈ సంబంధం వద్దని మొత్తుకుంది, ప్రాణం తీసుకుంటానంది. బుచ్చమ్మను రోజూ చూస్తున్న తల్లికి ఇంకెవరో వచ్చి నీతి నేర్పనక్కర్లేదు. ఆవిడ తమ్ముడు కరటకశాస్త్రి కూడా ఆ ఇంట పెరిగినవాడే. ఆయనేం శ్రీరామచంద్రుడు కాడనుకోండి, అది వేరే సంగతి. అయినా మేనకోడల్ని కాపాడటానికి శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు అంటగట్టాడు. అంచేత, "వాళ్ళ పెంపకం అలాంటిది" అన్నప్పుడు మనం ఎవరి పెంపకం గురించి మాట్లాడుతున్నాం? రూపాయలు లెక్కపెట్టుకునే ఒక్కడి గొంతే ఆచారం గొంతా? పక్కన ఏడుస్తున్న ఆవిడ ఆ సంస్కృతిలోది కాదా?

ఇదంతా నాటకంలో మాట. నాటకం బయట సంగతి ఇంకా విచిత్రం. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలకు జాబితా వేయించారట. 1034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివి గుండె చెరువవుతుంది, నిజమే. కాని నన్ను పట్టుకు ఆపింది వాటి పక్కనున్న మరో మాట. ఆ జాబితా పూర్తిది కాదట. ఎందుకంటే, శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి సహజంగానే ఎవరికీ మనసొప్పలేదట!

చూశారా? ఆచారమే అయితే, ధర్మమనే నమ్మితే, దాచుకోవడం దేనికి? మడి కట్టుకున్నామని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదే! కూతుర్ని ఇచ్చినందుకు తండ్రి శుల్కం పుచ్చుకోకూడదని మనువు చెప్పిన సంగతి వేదం చదివిన అవధానులుగార్లకు తెలియదనుకోవాలా? ఇప్పుడు మనవైపూ ఓసారి చూసుకుందాం. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. "మేం నోరు తెరిచి అడగలేదండీ, వాళ్ళే ముచ్చటపడి పెట్టుకున్నారు" అనే మాట వినని పెళ్ళిల్లు ఉందా?

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పెంపకానికీ, ఆచారానికీ అసలు విలువే లేదంటే అదీ తప్పే. మన ప్రాంతంలో చాలా కులాల్లో 'ఓలి' ఉండేది. అక్కడా డబ్బు ముట్టేది ఆడపిల్లవారికే. కాని ఆ ఇళ్ళల్లో ఆడది పొలానికి వెళ్ళి సమానంగా చాకిరీ చేసేది. మొగుడితో పొసగకపోతే ఓలి తిరిగిచ్చి బయటపడే దారుండేది, మొగుడు పోతే మారుమనువుండేది. అగ్రహారంలో పిల్లకు అలాంటి తలుపు ఒక్కటీ లేదు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి గాని, బతుకులో ఒకటి కావు. ఇంకొకళ్ళ ఆచారాన్ని తిట్టేముందు దానిలోంచి బయటికి దారి ఉందా లేదా అని చూడాలంటే నేనూ ఒప్పుకుంటాను.

ఇక మధురవాణి. పెంపకం గురించి మాట్లాడుతూ ఆవిణ్ణి వదిలేస్తే ఎలా? వేశ్యాకులంలో పుట్టి, తల్లి చేతిలో ఆ విద్యే నేర్చింది. చివర్లో నిష్ఠాగరిష్ఠుడైన సౌజన్యారావు పంతులు ఆవిడ కోరిన ముద్దుకు ఒప్పుకుంటే, ఆవిడే వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందట! తెలుగు నాటకంలో ఇంతకంటే చురుకైన ఘట్టం నాకు కనబడలేదు. పెద్దమనుషులు తక్కువ చూపు చూసే ఇంట్లోనూ ఓ తల్లి కూతురికి నీతి చెప్పే పెంచింది. వేదం వల్లించిన ఇంట్లో తండ్రి పిల్లకు ధర కట్టాడు.

ఇంత చేసిన గురజాడ మీద నాకొక్క ఫిర్యాదు ఉంది. నాటకమంతా సుబ్బి పెళ్ళి చుట్టూనే తిరుగుతుంది గాని, సుబ్బి గొంతు మనకు వినబడేది బహు తక్కువ. తండ్రి అరుస్తాడు, తల్లి ఏడుస్తుంది, మేనమామ ఎత్తులు వేస్తాడు. తన పెళ్ళి సంగతి విని ఆ పిల్ల ఏమనుకుందో, రాత్రి తల్లి పక్కలో చేరి ఏమడిగిందో మనకు తెలియదు. గిరీశం లెక్చర్లలో ఓ పేజీ తగ్గించి ఆ పిల్లకిచ్చి ఉంటే బాగుండేదని, చదివినప్పుడల్లా అనిపిస్తుంది.