సంఖ్య - పదం: 786పై ఒక పరిశీలన

హిందూ, ఇస్లామీయ సంప్రదాయాలు రెండింటిలోనూ సంఖ్యలకు సంకేతార్థాలున్నాయి. దీన్ని చూసి కొందరు రెండు తత్వాలూ ఒకటేనంటారు. మరికొందరు అంతా మూఢనమ్మకమని కొట్టివేస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. అసలు ఆ లెక్కలు ఎలా కట్టారో ముందు చూడాలి.

మన పండితులెరిగిన కటపయాది పద్ధతిలో 'జ' విలువ 8, 'య' విలువ 1. అంకెలను కుడి నుండి ఎడమకు చదివితే 18 వస్తుంది. 'జయ' అన్నది మహాభారతానికి మరో పేరు. అందులో పర్వాలు 18, యుద్ధం జరిగిన రోజులు 18, గీతలో అధ్యాయాలు 18. ఇక్కడ సంఖ్య గ్రంథాన్ని గుర్తుచేస్తుంది. అంతేగాని, 'పద్దెనిమిది' అని పలికి భారతం చదివామని ఎవరూ అనుకోరు.

అరబీలోని అబ్జద్ లెక్క కూడా ఇటువంటిదే. అందులో 28 అక్షరాలకు 1 నుండి 1000 వరకు విలువలున్నాయి. 'యా హాఫిజ్' మొత్తం 1000. చార్మినార్ వెలసిన హిజ్రీ 1000 (క్రీ.శ. 1591)కి ఆ మాటను గుర్తుగా చెబుతారు. అదే లెక్కన బిస్మ్ 102, అల్లాహ్ 66, అర్రహ్మాన్ 329, అర్రహీమ్ 289; వెరసి 786.

లెక్క సరైనదే. లోపమంతా దాన్ని వాడే తీరులో ఉంది. ఉర్దూ లిపిలో 'హరే కృష్ణా' అని రాసి కూడితే వచ్చేదీ 786 మాత్రమే! ఇందులో మహిమా లేదు, కుట్రా లేదు. ఒకే మొత్తం ఎన్నో మాటలకు రావచ్చు. మాట నుండి సంఖ్యకు దారి ఉంది. సంఖ్య నుండి మాటకు తిరిగివచ్చే దారి లేదు. అల్లాహ్ కారుణ్యాన్ని చెప్పేది పదం, మొత్తం కాదు.

పెండ్లి పత్రికలు కాళ్ళకింద పడతాయనీ, పవిత్ర నామానికి అగౌరవమనీ పెద్దలు 786 వేయిస్తున్నారు. వారి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. కాని సూర్యుణ్ణి పూజించే సబా రాణికి ప్రవక్త సులైమాన్ (అలైహిస్సలాం) పంపిన లేఖ బిస్మిల్లాహ్‌తోనే మొదలైందని దివ్యఖుర్ఆన్ (27:30) తెలుపుతున్నది. రోము చక్రవర్తి హిరఖ్లుకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పంపిన లేఖ కూడా అలాగే మొదలైందని బుఖారీ హదీసులో ఉంది. ఆ లేఖలు ఎవరి చేతుల్లో పడతాయో వారికి తెలియదా?

నేడు 786 అంకెగల కరెన్సీ నోటును అదృష్టమని ఎక్కువ ధరకు కొనేవారున్నారు. ఆ అంకె వెనుక ఉన్న వాక్యానికి అర్థం అడిగితే చెప్పలేని పిల్లలూ మన ఇళ్ళలోనే ఉన్నారు. గౌరవం పేరిట పదాన్ని దాచిపెడితే మిగిలేది ఇదే. పత్రికపై తెలుగు అక్షరాల్లోనైనా బిస్మిల్లాహ్ రాయించుదాం. అగౌరవమవుతుందన్న భయముంటే, నోటితో పలికి పని మొదలుపెడదాం.