డిస్కస్ తొట్టిలో పెద్దరికం

డిస్కస్ చేపను చూస్తే ఎవరైనా సాధువనుకుంటారు. పళ్లెంలా గుండ్రటి ఒళ్లు, నింపాదిగా కదలడం. కానీ అమెజాన్ నీళ్లలో గుంపులుగా బతికే ఈ సిక్లిడ్ కుటుంబపు చేపల్లో పెత్తనాల పోరు గట్టిదే. తొట్టిలో రెండు మూడే ఉంటే బలమైనది బక్కదాన్ని పొడిచి పొడిచి మూలకు నెట్టేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకే సైజువి, ఆరుకు తగ్గకుండా, ఒకేసారి వదులుతారు. అప్పుడు పోట్లు అన్నిటికీ పంచినట్టవుతాయి.

నాకు ముచ్చటేసేది ఇలా తెలిసి పెంచేవాళ్ల చూపు. మేత వేశాక ముందు తిననిదేదో వెతుకుతారు. ఒళ్లు నల్లబడి, రెక్కలు ముడుచుకుని ఫిల్టర్ వెనక నక్కినదాన్ని ఇట్టే పట్టేస్తారు. మేత రెండు మూడు చోట్ల వేస్తారు. అయినా ఆగని రౌడీని కొన్నాళ్లు వేరే తొట్టిలో ఉంచి, ఈలోగా కొయ్యముక్కలూ మొక్కలూ చోటు మార్చేస్తారు. తిరిగొచ్చేసరికి దాని జాగీరు ఉండదు! బక్కదాన్ని తీసేస్తే మాత్రం వేధింపు ఇంకోదాని మీదికి మళ్లుతుంది.

గుడ్లు పెట్టిన జంట కోపం వేరు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మొదట్లో తల్లిదండ్రుల ఒంటి జిగురే తిని పెరుగుతాయి మరి. ఆ జంటకు 28-30 డిగ్రీల నీళ్లతో విడిగా తొట్టి సిద్ధం చేస్తారు.