వెల్స్ అభిమాని సింగీతం

1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు కాలేజీ రోజుల్లోనే హెచ్.జి. వెల్స్ 'టైమ్ మెషిన్' (1895) చదివి దాని మోజులో పడ్డారు. ఆ మోజే దశాబ్దాల తర్వాత 'ఆదిత్య 369' (1991) అయింది. యంత్రాన్ని 1526 నాటి రాయల కొలువుకు నడిపించడం అనుకరణ కాదు, సొంతం చేసుకోవడం. (రాయల యుగం పాఠం చెబుతుంటే నా విద్యార్థులు ముందు అడిగేది ఆ యంత్రం సంగతే!)

నా పేచీ మరోచోట. వెల్స్ నవలలో యంత్రం వాహనం మాత్రమే, వస్తువు వర్గవిభజన. నేలపైన విలాసవర్గపు వారసులు ఎలోయీలు, నేలకింద శ్రామికుల వారసులు మోర్లాకులు. 'ఆదిత్య'లో 2504 నాటి మనుషులూ నేలకిందే ఉంటారు, కానీ అణుధార్మికతకు భయపడి. అణుయుద్ధంపై హెచ్చరిక మంచిదే. పైనెవరు, కిందెవరు అన్న ప్రశ్న మాత్రం జారిపోయింది.

ఆ ప్రశ్న మనకు పరాయిదా? మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద మేడలున్నాయి. దిగువ కృష్ణానగర్‌లో లైట్‌మన్ల, జూనియర్ ఆర్టిస్టుల అద్దె గదులున్నాయి.

సింగీతం మార్గదర్శిగా చేరిన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏ.డి.' (2024)లో ఆ ప్రశ్న తిరిగొచ్చింది. ఎండిన కాశీపైన వేలాడే కాంప్లెక్స్. అందులో అడుగుపెట్టాలంటే పది లక్షల యూనిట్లు. ఈ దృశ్యం వెల్స్‌కు దగ్గర. అయితే శంభాల తిరుగుబాటుదార్లు సైతం పుట్టబోయే అవతారం కోసమే కాచుకుని ఉంటారు.