పాత్ర తొలగిన పిదప పాట

పద్యనాటకములు చూచుచు పెరిగినవాడను నేను. హార్మోనియం శ్రుతి నందుకొని హరిశ్చంద్ర పాత్రధారి కాటిసీను పద్యమును ఎత్తుకొని, చివరి అక్షరముపై రాగమును సాగదీసినకొలది, 'వన్స్ మోర్' కేకలతో పందిరి దద్దరిల్లుచుండెడిది. కంఠబలమే గానమనియు, అది సన్నగిల్లిననాడు నటగాయకుని బ్రతుకు ముగిసినట్లే యనియు చిరకాలము నమ్మియుంటిని. ఆ నమ్మకమును సడలించినది, నేనెన్నడును కన్నులార చూడక, రికార్డులలో మాత్రమే వినిన బార్బరా కుక్ అను అమెరికా గాయని.

1927లో అట్లాంటాలో జన్మించి, 1951లో బ్రాడ్వే రంగస్థల మెక్కిన యీమె, 1956లో లెనార్డ్ బెర్న్‌స్టీన్ స్వరపరచిన 'కాండిడ్' అను సంగీతనాటకములో నాయికయై, ఏడ్పునకును నవ్వునకును నడుమ తారస్థాయిలో గిరికీలు కొట్టు అతికఠినమైన పాటను రాత్రి వెంబడి రాత్రి పాడెను. మరుసటి యేటి 'ది మ్యూజిక్ మ్యాన్'లో గ్రంథాలయ నిర్వాహకురాలి పాత్ర ఆమెకు టోనీ పురస్కారమును తెచ్చిపెట్టెను. కాని కాలక్రమమున వేషములు తగ్గినవి, మద్యపానము ఆమెను లోబరచుకొనెను, దేహము స్థూలమైనది, ముగ్ధనాయిక పాత్రలకు పిలుచువారు లేకపోయిరి.

అట్టి స్థితి నుండి తేరుకొని, 1975 జనవరిలో, పియానో విద్వాంసుడు వాలీ హార్పర్ తోడుగా ఆమె కార్నెగీ హాలులో కచేరీ చేసెను. 2004లో ఆయన కన్నుమూయువరకు ఆ జంట విడివడలేదు. న్యూయార్కులోని కెఫే కార్లైల్ వంటి చిన్న శాలలలో ఆమె కాబరే గాయనిగా రెండవ జన్మ నెత్తెను. కాబరే యనగానే మన సినిమాలు ఆ మాటకు అంటగట్టిన క్లబ్బు నాట్యము స్ఫురించుట సహజము. ఇచ్చటి కాబరే మాత్రము మందదీపములు, చిన్న బల్లలు, ఒక పియానో, చేయి చాచిన అందునంత దూరమున శ్రోత.

నాటకమున పాటకు కథ అండ. గాయని దుఃఖము పాత్ర దుఃఖముగా చెల్లిపోవును. కాబరేలో ఆ మరుగు లేదు. వేషమును, కథను తొలగించిన పిదప పాటకు అర్థమిచ్చునది పాడువారు గడిపిన జీవితము మాత్రమే. ఆమె వార్ధక్యమున పాడిన రికార్డులను వినుడు: స్వరమును చూపుటకై మాటను సాగదీయదు, చెప్పవలసినది చెప్పి, ఊపిరి తీసికొని, ఆ మౌనమును గూడ పాటలో చేర్చును. జూలియార్డ్ సంగీత విద్యాలయ విద్యార్థులకు ఆమె నేర్పినదియు ఇదియే: కంఠమును ప్రదర్శింపక, తమను తాము దాచుకొనక పాడుట. కచేరీ చివర మైకును ప్రక్కన బెట్టి వట్టి గొంతుతో పాడుట ఆమెకు పరిపాటి. ఎనుబది రెండేండ్ల వయస్సున, 2010లో, మరల బ్రాడ్వే మెట్లెక్కి, 2017లో పరమపదించెను.

మొన్నటి సంక్రాంతికి మా యూర, ఒకప్పుడు పందిళ్లు దద్దరిల్లజేసిన వృద్ధనటుడొకడు, మొగమునకు రంగు లేక, హార్మోనియం లేక, అరుగుపై కూర్చుండి ఆ కాటిసీను పద్యమునే మంద్రమున, మాట్లాడినట్లుగా పాడెను. రాగము మూడు ఊపిరులు దాటలేదు. పద్యము ముగిసినప్పుడు 'వన్స్ మోర్' అనుటకు మాలో నెవ్వరికిని నోరు రాలేదు; అంతకాలము విన్న ఆ పద్యమున లోహితాస్యుడు నిజముగా మరణించినది నాకు ఆ దినముననే.