చంద్రముఖి వైపు నుంచి

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’ని మనం తాగినవాడి కథగానే చూస్తూ వచ్చాం. అక్కినేని తాగుడు నటన గురించి మాట్లాడుకున్నంతగా లలిత వేసిన చంద్రముఖి గురించి మాట్లాడుకోం. ఆమె వృత్తి మానేస్తుంది, అతనికి సేవ చేస్తుంది. చివరికి అతను పార్వతి గుమ్మం ముందు చనిపోతాడు. ఆ తర్వాత చంద్రముఖి ఏమైందన్నది కథకి పట్టదు. సేవని ప్రేమ అనేస్తే, చేసేవాళ్లకి సాయం అక్కర్లేదనుకుంటాం. నా అభ్యంతరం అక్కడే.

ఆ సినిమాకి రెండేళ్ల ముందే, 1951లో, అమెరికాలో తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ మొదలైంది. వాళ్లు చెప్పేది ఒకటే: అతని తాగుడుకి కారణం నువ్వు కాదు, మాన్పించడం నీ ఒక్కదాని చేతిలో లేదు.

మా మేనత్తది ఖమ్మం దాటాక భద్రాచలం అడవి అంచున ఊరు. కోయగూడేల్లో కొలుపులప్పుడు నలుగురూ కలిసి తాగే ఇప్పసారా కాదు, మామయ్యది బెల్టు షాపు సీసా. ఆయన్ని చూసిన డాక్టర్లెవరూ ‘నువ్వెట్లున్నవమ్మా’ అని అత్తని అడగలేదు. ఆ మాట చెప్పినవాళ్లూ లేరు.

దేవదాసు చావు మనకి కంఠతా వచ్చు. అతను బతికుంటే, మర్నాటి పొద్దున చంద్రముఖి ఇంట్లో ఏం జరిగేది? మనకి రావాల్సిన కథ అది.